లైప్‌జిగ్ దాకా వెళ్ళి తెచ్చుకున్న చరణం

మా ఇంట్లో నా జ్ఞాపకానికి పేరుంది. చదివింది అయిదో తరగతే అయినా, ఎవరి పెళ్ళిలో ఏం వండారో, ఏ పాట ఎవరు ఎత్తుకున్నారో అడగండి, చెబుతాను. అలాంటిదాన్ని, మా అమ్మ దంపుడు పాటలో మూడో చరణం మరిచిపోయాను.

2020 ఫిబ్రవరిలో, జర్మనీలోని కెమ్నిట్జ్‌లో ఉద్యోగం చేసే మా అమ్మాయి సరిత దగ్గరికి మూడు నెలలకని వెళ్ళి, కరోనాతో విమానాలు ఆగిపోవడంతో ఆగస్టులోనూ అక్కడే ఉన్నాను. సరిత ఇంట్లోంచే ఆఫీసు పని చేసుకుంటూ, తీరిక దొరికితే రికార్డు చేయడానికి ఫోన్ నా ముందు పెట్టి ఆ పాట పాడమనేది. రెండు చరణాలు అయ్యాక నోరు ఆగిపోయేది. అమ్మ లేదు. ఆమెతో కలిసి దంచిన పెద్దమ్మా లేదు. నాకు గుర్తు రాకపోతే ఆ చరణం ఇక లోకంలో లేనట్టే.

"సోఫాల కూసుండి ఎంత గింజుకున్నా వస్తలేదే," అన్నాను ఒకనాడు.

"శనివారం లైప్‌జిగ్ పోదాం పా అమ్మా. ఎవరో పాత పల్లెపాటలు పాడుతరంట. సీట్లకు పేర్లు గూడ రాయించిన," అంది.

పదిన్నర రైలు ఎక్కాం. రోజంతా తిరిగే టికెట్ ఇద్దరికీ కలిపి ఒకటే. దారిలో కోసేసిన గోధుమ చేలు, గాలిమరలు. టికెట్లు చూసే ఆయన నన్ను చూసి తన ముక్కు మీద రెండుసార్లు తట్టుకున్నాడు.

"మాస్కు పైకి గుంజు. ఈడ గూడ చెప్పిచ్చుకుంటవా?" అని సరిత నవ్వింది.

పదకొండున్నర దాటాక దిగి, ట్రామ్‌లో ఒక పార్కుకు చేరాం. బల్ల మీద కూర్చుని ఇంటినుంచి తెచ్చిన సర్వపిండి తిన్నాం. రెండు గంటలకు ఆ పార్కులోనే కచేరీ గేటు దగ్గర పేరు, చిరునామా రాయించుకుని లోపలికి పంపారు. కుర్చీలు దూరదూరంగా జంటలు జంటలుగా వేశారు.

వేదిక మీద ముగ్గురు. స్పెయిన్‌కు పడమటి మూలనున్న గలీసియా నుంచి వచ్చి జర్మనీలో స్థిరపడిన ఆడమనిషి, ఆమె తమ్ముడు, వయొలిన్ పట్టుకున్న ఐర్లండ్ ఆయన. తమ్ముడు చంకలో తోలు సంచి పెట్టుకుని ఊదుతుంటే లేచి చూశాను. మా వైపు భాగోతాల్లో శ్రుతికి పట్టే తిత్తే! మాది ఒక్క శ్రుతి పట్టుకుని ఉంటుంది, వాళ్ళది పాటంతా పలుకుతుంది.

ఆమె మొదట పిండి జల్లెడ మీద వేళ్ళతో తడుతూ ఒంటిగా పాడింది. ఆ తరువాత అదే పాటను తిత్తి, వయొలిన్ అందుకుని పెళ్ళి ఊరేగింపులా చేసేశాయి. పాట చెడలేదు సరికదా, కొత్త కోక కట్టుకున్నట్టు నిగనిగలాడింది. పిండి జల్లించే ఆడవాళ్ళ పాటకు అంతమంది లేచి చప్పట్లు కొడుతుంటే, ఆ గౌరవం మా అమ్మకే దక్కినట్టు నా ఛాతీ పొంగింది.

అయిపోయాక దూరంగానే నిలబడి ఆమెను పలకరించాం. నా చరణం సంగతి సరిత జర్మన్‌లో చెప్పింది. ఆమె తిరిగి అడిగినదాన్ని సరిత నాకు తెలుగులో చెప్పింది: "మీ అమ్మ ఏం పని చేస్తూ పాడేది?"

"జొన్నలు దంచుకుంట."

"మరి మీ చేతిలో రోకలేది? మా అమ్మమ్మ కూడా కుర్చీలో కూర్చుంటే ఒక్క ముక్క పాడలేకపోయేది. జల్లెడ చేతికిచ్చాకే ఈ పాట దొరికింది మాకు."

ఆ మాట నాకెందుకు తోచలేదో!

అయిదున్నరకు తిరుగు రైలు. పెట్టెలో మేమూ, ఒక జర్మన్ ముసలామే. నేను లేచి నిలబడి, వానకని తెచ్చుకున్న గొడుగును రెండు చేతులా పట్టి నేల మీద దంచాను. రెండు చరణాలు సాగాయి. మళ్ళీ ఆగింది.

"ఎదురు రోకలి లేదే. నేను లేపినప్పుడు నువ్వు ఎయ్యాలె," అన్నాను.

సరిత అటూ ఇటూ చూసి, నీళ్ళ సీసాతో పక్క సీటు మీద కొట్టడం మొదలుపెట్టింది. నా దెబ్బ, దాని దెబ్బ. భుజాలకు ఊపు అందింది. మాస్కులోంచే మూడో చరణం దానంతటదే వచ్చింది:

"చెరిగిపోసిన జొన్న చేటకెరుక, సువ్వీ
వడ్డించిన చేతి పస్తు ఎవరికెరుక, సువ్వీ"

సరిత సీసా ఆపింది. "అమ్మమ్మ పస్తులున్నదా?"

"ఉన్నదేమో బిడ్డా. మాకెన్నడు చెప్పలే. రోకలికి చెప్పుకున్నది."

ముసలామె ఏదో అడిగింది. సరిత కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "వెన్న చిలుకుతున్నరా అంటున్నదే. వాళ్ళ నానమ్మ గూడ నిలబడి ఇట్లనే కర్రతోటి కొట్టేదట."

"మళ్ళొకసారి పాడుతనని చెప్పు," అన్నాను. ఈసారి సరిత ఫోన్ సీటు మీద ఆనించి, సీసా అందుకుంది. ముసలామె కాలితో తాళం వేసింది.

కెమ్నిట్జ్‌లో దిగేసరికి ఆరున్నర దాటింది. వేదిక మీద వాళ్ళ జల్లెడ పాట ఎంత తలెత్తుకుని నిలబడిందో, రైలు పెట్టెలో మా రోకటి పాటా అంతే నిలబడింది. మీరూ అటు వెళితే గొడుగు తప్పక పట్టుకెళ్ళండి. ఆ రోజు చుక్క వాన పడలేదు, నాకు మాత్రం అదే పనికొచ్చింది.