ఓడ కబురు రావలసిన లాప్‌టాప్

ఆశాజ్యోతికి ఒకచోట కుదురుగా కూర్చోవడం చిన్నప్పటినుంచీ చేతకాదు. తగరపువలస పక్క పల్లెలో వాళ్ళ నాన్న వంగ, బెండ పండించి సంతకు తెచ్చేవాడు. గంపల దగ్గర కూర్చోమంటే ఈమె సంతంతా ఒక చుట్టు చుట్టి, ఎవరి గంపలు ముందు ఖాళీ అవుతున్నాయో కబురు మోసుకొచ్చేది. “కాలుగాలిన పిల్లిలాగ తిరుగుతాదిది. దీన్ని కట్టుకున్నోడైనా కుదురుగా ఉండాల” అనేది వాళ్ళమ్మ.

కట్టుకున్నవాడు ఏడాదిలో మూడొంతులు నీళ్ళమీద ఉండేవాడయ్యాడు. అశోక్‌ది ఎలమంచిలి దగ్గర వ్యవసాయ కుటుంబం. ఐటీఐలో ఫిట్టర్ చదివి, సరుకు ఓడల ఇంజన్ గదిలో పనికి కుదిరాడు. పెళ్ళయ్యాక విశాఖపట్నంలో, జ్ఞానాపురంలో, రెండు గదుల వాటా అద్దెకు తీసుకుని భార్యనీ, తల్లి నారాయణమ్మనీ అక్కడ ఉంచాడు. మేడమీదకెక్కితే పోర్టు కనపడేది. వచ్చే ఓడలు, పోయే ఓడలు. అందులో అశోక్ పనిచేసే ఓడ ఒక్కసారీ రాలేదు. వచ్చేదల్లా బొగ్గు ధూళి. పోర్టులో బొగ్గు దింపే రోజుల్లో తెల్లబట్ట ఆరేస్తే సాయంత్రానికి నల్లచుక్కల చీరయ్యేది.

అశోక్ సింగపూర్‌లో ఎవరో వాడి వదిలేసిన లాప్‌టాప్ ఒకటి కొన్నాడు. ఇంటికి తెచ్చి, కిటికీ పక్క స్టూలుమీద పెట్టి, మెయిల్ తెరవడం, రాయడం, పంపడం జ్యోతికి నేర్పాడు. పాస్‌వర్డ్‌ను ఆ పెట్టే గుర్తుపెట్టుకునేలా చేశాడు. “నువ్వేటీ తలకి పెట్టుకోకు. మీట నొక్కితే సాలు, అదే తెరుసుకుంటాది” అన్నాడు. ఆమె తలకి పెట్టుకోలేదు.

ఓడలో వాళ్ళు రాసుకున్న మెయిళ్ళన్నీ కెప్టెన్ కంప్యూటర్‌లో చేరి, ఉపగ్రహం ద్వారా ఒక్కసారిగా బయటికి వచ్చేవి. ఒక్కోసారి రోజూ, ఒక్కోసారి వారానికి. ఆ నాలుగు ముక్కల కోసం జ్యోతి రోజుకు పదిసార్లు ఆ పెట్టె మూత ఎత్తేది.

రెండువేల తొమ్మిది వేసవిలో అశోక్ ఏదో రేవునుంచి ఫోన్ చేశాడు. సూయెజ్ కాలువ దాటి, ఎర్రసముద్రం దిగి, ఇటు వస్తున్నారట. మధ్యలో సోమాలియా వైపు సముద్రం. ఆ రోజుల్లో అక్కడ దొంగలు తుపాకులతో పడవల్లో వచ్చి ఓడల్నే పట్టుకుపోతున్నారు.

“దాటిన రోజునే మెయిల్ పెడతాను జ్యోతీ. అమ్మకి సెప్పకు. కంగారు పడతాది” అన్నాడు.

తరవాత కబురు లేదు. ఒక పొద్దుటిపూట జ్యోతి కాఫీ గ్లాసుతో టీవీ ముందు నిలబడి ఉండగా కింద అక్షరాలు పరిగెత్తాయి. సరుకు ఓడను పట్టుకున్న సముద్రపు దొంగలు. సిబ్బందిలో భారతీయులు. ఓడ పేరు ఇవ్వలేదు. ఆమె చటుక్కున టీవీ ఆపేసి వెనక్కి చూసింది. నారాయణమ్మ పెరట్లో పీటమీద కూర్చుని చేపలు తోముతోంది. వినలేదనుకుంది.

లాప్‌టాప్ మూత ఎత్తి మీట నొక్కింది. వెలగలేదు.

మళ్ళీ నొక్కింది. గట్టిగా నొక్కింది. లోపల ఫ్యాన్ తిరిగే చప్పుడు లేదు, చిన్న దీపమైనా లేదు. చార్జర్ వైరు పీకి మరో ప్లగ్గులో పెట్టింది. ప్లగ్గే పోయిందేమోనని అందులో ఇస్త్రీపెట్టె పెడితే అది వేడెక్కింది. చార్జర్‌మీద పచ్చదీపం వెలుగుతోంది. అంటే కరెంటు అక్కడిదాకా వస్తోంది, లోపలికి పోవడంలేదు. బ్యాటరీ ఊడదీసి, చీరకొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టింది. బ్యాటరీ లేకుండా వట్టి చార్జర్‌తో చూసింది. ఎప్పుడో అశోక్ చేసినట్టు, అన్నీ తీసేసి మీటను చాలాసేపు నొక్కిపట్టి వదిలింది. ఆ నల్లటి తెరలో తన మొహం తప్ప ఏమీ కనపడలేదు.

“ఏటే, పొద్దుట్నుంచీ ఆ పెట్టిని గుద్దతన్నావ్?” అంది నారాయణమ్మ పెరట్లోంచి.

“పనిసెయ్యట్లేదత్తా.”

“సెయ్యకపోతే మానీ. ఈ సేపలు కడిగీ, పులుసెట్టీద్దాం.”

“వత్తాను” అంది గానీ వెళ్ళలేదు. సెల్‌ఫోన్ తీసుకుని మేడెక్కి, అశోక్‌ని ఓడెక్కించిన ముంబయి ఆఫీసుకు ఫోన్ చేసింది. ఒకమ్మాయి హిందీలో లైనులో ఉండమంది. పాట వచ్చింది. కట్టయిపోయింది. మళ్ళీ చేస్తే ఎంగేజ్. వీధి చివర నెట్ సెంటర్‌కు పరిగెత్తింది. అక్కడ తెర తెరుచుకుని పాస్‌వర్డ్ అడిగింది. తన పేరు కొట్టింది. కాదంది. అత్త పేరు, ఊరి పేరు, పెళ్ళి తేదీ. కాసేపయ్యాక ఇక అడగొద్దన్నట్టు ఆ పేజీయే మూసుకుపోయింది. అశోక్ రాసిన మాట ఎక్కడో ఉంది. దాని తాళంచెవి ఆ వెలగని పెట్టెలో ఉంది.

లాప్‌టాప్‌ను పాత తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుంది. “మద్దిలపాలెం ఎల్లొస్తానత్తా, బాగుసేయించుకొస్తాను” అని కేకేసి బస్సెక్కింది. బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు. ప్రతి స్టాపులోనూ ఎక్కేవాళ్ళమీద, దిగేవాళ్ళమీద కోపం వచ్చింది.

మద్దిలపాలెం డిపో ఎదురు సందులో సందీప్ అనే కుర్రాడికి చిన్న రిపేరు షాపుంది. వాళ్ళ నాన్న గుడివాడ వైపునుంచి వచ్చి స్టీలుప్లాంటులో చేరినవాడు. సందీప్ ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, ప్లాంటు వద్దనుకుని ఈ షాపు పెట్టుకున్నాడు. బల్లనిండా మూతలూడిన కంప్యూటర్లు.

“పెట్టేసి వెళ్ళండి మేడమ్. రేపు సాయంత్రం చూసి చెబుతా” అన్నాడు తలెత్తకుండా.

“రేపటిదాకా నాను ఉండలేను బాబూ.”

“ఇవన్నీ మీకంటే ముందొచ్చినవండి.”

“ఎవరివైనా అవనీ. మా ఆయన ఓడలో ఉన్నాడు. ఓడని దొంగలు పట్టుకున్నారంట. అది ఈయన ఓడో, మరోటో తెల్దు. తెలిసే దారి ఇదొక్కటే.” ఇంట్లో అత్తకు చెప్పని మాట, పేరైనా తెలియని మనిషికి చెప్పేసింది.

సందీప్ చేతిలో పని పక్కకు జరిపాడు. “అలా కూర్చోండి అక్కా” అన్నాడు.

ఆమె కూర్చోలేదు. అతని భుజం పక్కనే నిలబడింది.

ముందు చార్జర్ చివర మీటరు పెట్టి చూశాడు. అది బాగానే ఉంది. అడుగు మరలన్నీ విప్పి, మూత తీసి, చార్జర్ పిన్ను దిగే సాకెట్టును వేలితో కదిపాడు. “ఇదిగో. టాంకా విరిగింది. వైరు లాగి లాగి పెట్టుంటారు.”

వైరుతో సహా ఈ గదినుంచి ఆ గదికి దాన్ని ఈడ్చుకు తిరిగింది జ్యోతే.

సీసం కరిగించి టాంకా వేస్తుంటే పొగ సన్నగా లేచింది. చార్జర్ పెట్టగానే లాప్‌టాప్ అంచున నారింజరంగు దీపం వెలిగింది. జ్యోతి రెండు చేతులూ జోడించేసింది. సందీప్ మీట నొక్కాడు. దీపం అలాగే ఉంది, లాప్‌టాప్ లేవలేదు.

“మరేటి బాబూ? లైటొచ్చింది కదా!”

“కరెంటు లోపలికి వచ్చింది. లేవట్లేదు. ఆగండక్కా, చూద్దాం.”

మెమరీ చిప్‌లు పీకి, బంగారురంగు అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, తిరిగి పెట్టాడు. లేవలేదు. ఒక్క చిప్‌తో చూశాడు, రెండోదానితో చూశాడు. హార్డ్‌డిస్కు తీసి చూశాడు. బోర్డుమీద అక్కడక్కడ మీటరు ముల్లు ఆనించి పెదవి విరిచాడు. జ్యోతి గుమ్మందాకా వెళ్ళి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. ముంబయికి మళ్ళీ ఫోన్ చేసింది, మళ్ళీ పాట వచ్చింది. సందీప్ టీ తెప్పించి ఇస్తే గ్లాసు పట్టుకుని తాగడం మరచిపోయింది.

“బోర్డు పోయినట్టుందక్కా” అన్నాడు చివరికి. “హైదరాబాద్ పంపాలి. వారం పడుతుంది.”

“వారమా!” గ్లాసు బల్లమీద పెట్టి, ముందుకు వంగి మీట తనే నొక్కింది. కోపంతో నొక్కింది. ఏడుపొస్తుంటే నొక్కింది. అలా నొక్కుతూ నొక్కుతూ ఆగిపోయింది.

“ఇది ముందులాగ పలకట్లేదు బాబూ.”

“ఏది?”

“మీట. ముందు నొక్కితే టక్కుమనీది. ఇప్పుడు అప్పచ్చిలాగ మెత్తగా దిగిపోతంది.”

సందీప్ తనూ నొక్కి చూశాడు. “నిజమే. రోజూ నొక్కేవాళ్ళకే తెలుస్తుందిది” అంటూ కీబోర్డు పైనున్న పట్టీ ఊడదీశాడు. మీట కింద చిన్న బోర్డు, దానిమీద నల్లగా కాటుక అద్దినట్టు పొర. వేలితో తుడిచి వాసన చూశాడు. “మీరుండేది ఎక్కడ?”

“జ్ఞానాపురం.”

“ఇంకేం. బొగ్గు ధూళి, సముద్రం చెమ్మ. రెండూ కలిసి స్విచ్చిని తినేశాయి.” స్క్రూడ్రైవర్ కొనతో అక్కడున్న రెండు చుక్కల్నీ ఒక్క క్షణం కలిపాడు.

ఫ్యాన్ గుర్రుమంది. తెర నీలంగా తెరుచుకుంది.

సందీప్ తన నెట్ వైరు తీసి అందులో పెట్టాడు. పేజీ పైనుంచి కిందికి నెమ్మదిగా, పట్టీలు పట్టీలుగా దిగింది. అశోక్ పేరుతో ఒక మెయిల్ ఉంది. ఆ ఉదయం వచ్చినదే.

ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాశాడు. ఇంకా దాటలేదు. మా ముందెల్లిన ఓడని పట్టుకున్నారు. నేవీ ఓడలు తోడొచ్చీదాకా ఆగమన్నారు. అంచులెమ్మట ముళ్ళకంచె కడతన్నాం. నాను ఇంజన్ గదిలోనే ఉంటాను, నాకేటీ అవదు. అమ్మకి సెప్పకు. ఆవకాయ పెట్టీసేరా?

ఆమె రెండుసార్లు చదివింది. పట్టుకున్నది అశోక్ ఓడ కాదు. ఆ ఒక్క ఊపిరి వదిలేలోగా రెండోది పట్టుకుంది. ఇంకా దాటలేదు. తెల్లారినప్పటినుంచీ ఏ మాట కోసం పరిగెత్తిందో ఆ మాట అందులో లేదు. రెండు వేళ్ళతో టకటకా జవాబు కొట్టింది. ‘ముందు పాస్‌వర్డ్ పంపు. రోజూ మెయిల్ పెట్టు. ఆవకాయ ఇంకా పెట్టలేదు.’

సందీప్ పాత సామానులోంచి ఒక ఎర్ర గుండీ వెతికి, రెండు తీగలు పక్కనుంచి బయటికి తీసి, దానికి అతికి, టేపు చుట్టాడు. “అందంగా లేదుగానీ పనిచేస్తుంది. కిటికీ దగ్గర పెట్టకండక్కా” అన్నాడు.

జ్యోతి ఇల్లు చేరేసరికి నారాయణమ్మ గేటు పట్టుకుని నిలబడి ఉంది. చేపలు గిన్నెలో అలాగే ఉన్నాయి, పొయ్యి వెలిగించలేదు. కోడలు గేటు తియ్యకముందే అడిగింది.

“దాటీసేడా?”

“నీకెవరు సెప్పారత్తా?” అంది జ్యోతి.

“ఆ రోజు నువ్వు ఫోన్లో మాటాడింది ఇన్నాను. మనింట్లో టీవీ ఆపీసేవు. పక్కింటోల్ల టీవీ కూడా ఆపీగలవేటే?” అంది నారాయణమ్మ. “సెప్పు. ఆడి ఓడేనా?”

“కాదత్తా. ముందెల్లిన ఓడంట. ఈల్లు ఆగున్నారు. ఇంకా దాటలేదు.”

“నిజం సెప్పు.”

“నీ మీదొట్టు.”

ముసలామె అక్కడే మెట్టుమీద కూలబడింది. “నాకు సెప్పకుండా నువ్వొక్కర్తివీ తిరుగుతావేటే పిచ్చిమొకమా” అని కోడల్ని తిట్టి, ఆ తిట్టు పూర్తవకుండానే ఏడ్చేసింది.

ఆ తరవాత రోజులు ఇద్దరికీ ఒక్కలాగే గడిచాయి. స్టూలును గోడవారకు మార్చారు. జ్యోతి గంటగంటకూ ఎర్రగుండీ నొక్కేది. చదువురాని నారాయణమ్మ పక్కనే కూర్చుని తెరకేసి చూసేది. “ఏటంటంది?” అనేది. “ఏటీ నేదత్తా” అనేది జ్యోతి. అశోక్ పాస్‌వర్డ్ పంపాడు. అది భార్య పేరూ కాదు, తల్లి పేరూ కాదు, అతనెక్కిన మొదటి ఓడ పేరు. “అదేటి, మనిద్దరం ఆడికి గుర్తే రాలేదా?” అని అత్త అడిగితే, అంత దిగుల్లోనూ జ్యోతికి నవ్వొచ్చింది.

నేవీ ఓడలు వచ్చాయని ఒక మెయిల్. బయల్దేరామని ఒకటి. తరవాత ఏమీ లేదు. మధ్యలో కరెంటు పోయింది, పాత బ్యాటరీ కాసేపే నిలిచింది. జ్యోతి నెట్ సెంటర్‌కు పరిగెత్తితే అక్కడా కరెంటు లేదు. ఇంటికొచ్చి పెరట్లోంచి వీధిలోకి, వీధిలోంచి పెరట్లోకి తిరిగింది. మామిడికాయలు తరగబోయి వేలు తెగ్గోసుకుంది. ఈసారి నారాయణమ్మ ఆమెను కూర్చోమనలేదు. తనూ వెనకాలే తిరిగింది.

మర్నాడు మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. అందులో ఒక్కటే ముక్క. ‘దాటీసేం.’

జ్యోతి గట్టిగా చదివింది. “మల్లీ సదువు” అంది నారాయణమ్మ. మళ్ళీ చదివింది. ముసలామె లేచి వంటింట్లోకి వెళ్ళి, ఏమీ వండకుండా తిరిగొచ్చి, ఇంకోసారి చదవమంది.

అశోక్ ఆ ఏడు వర్షాకాలం వెళ్ళాక దిగాడు. వచ్చినవాడు టేపు చుట్టిన ఆ ఎర్రగుండీని చూసి పడిపడి నవ్వాడు. రెండు నెలలుండి మళ్ళీ ఓడెక్కాడు. ఆ పని తప్ప అతనికి వేరే పని రాదు, వచ్చినా చెయ్యడు. అతను వెళ్ళిన వారానికి జ్యోతి మద్దిలపాలెం వెళ్ళి, మధ్యాహ్నాలు షాపులో పని నేర్పుతావా అని సందీప్‌ను అడిగింది. “మీరు కూర్చోగలరా అక్కా?” అన్నాడతను. “కూకోను. నిలబడే నేర్చుకుంటాను” అంది. మొదట్లో మరలు కలిపేసేది. ఒకరి చార్జర్ ఇంకొకరికి ఇచ్చి పంపింది. ఏడాది తిరిగేసరికి కీబోర్డులు మార్చడం, టాంకాలు వేయడం ఆమెవంతయ్యాయి.

కుదురు మాత్రం రాలేదు. అశోక్ ఓడ ఆ సముద్రంలోకి దిగిందంటే ఆమె వేసే టాంకా పక్కకు పోయేది. అలాంటి రోజుల్లో సందీప్ ఆమెకు బోర్డు పని ఇచ్చేవాడు కాదు, బ్రష్షు చేతికిచ్చి ఫ్యాన్లలో బొగ్గు దులపమనేవాడు. ఆమె దులుపుతూనే మధ్యమధ్య లేచి, షాపు కంప్యూటర్‌లో మెయిల్ తెరిచి చూసి వచ్చేది. సాయంత్రం బస్సు దిగి ఇల్లు చేరేసరికి నారాయణమ్మ గేటు దగ్గరుండేది. “దాటీసేడా?” అనేది.