మూడో మెట్టు మీది గుంట

పాత కట్టడాలను కాపాడేవాళ్లలో చాలాకాలంగా రెండు వర్గాలున్నాయి. కట్టిన రోజున ఎలా ఉందో మళ్లీ అలా నిలబెట్టాలంటుంది ఒకటి. అరిగింది అరిగినట్టే ఉంచాలి, అరుగుదలా చరిత్రే అంటుంది రెండోది. పాత గ్రంథాలయం మెట్లు కడిగే ఆవిడకు ఈ తగువు తెలియదు. గుమ్మం ముందున్న మూడో మెట్టు ఇక అక్కడ ఉండకూడదు, అంతే ఆవిడకు కావలసింది.

ఆ మెట్లను అక్కా తనూ పడుచుదనం నుంచీ కలిసి కడిగారు. అక్క నీళ్లు పోసేది, చెల్లెలు తోమేది.

"అంత తోమకే, రాయి పెళ్లికూతురైపోదు."

"నువ్వు నీళ్లు పొయ్యి, నీతులు తర్వాత."

మూడో మెట్టు నడుమ భాగం జనం అడుగులకు అరిగి పళ్లెంలా గుంటపడింది. అందులో నీళ్లు నిలుస్తాయి, గుడ్డతో అద్ది తీయాల్సిందే. ఒకరోజు ఇంకా తీయకముందే అక్క ఖాళీ బకెట్టుతో దిగుతూ జారింది. తుంటి విరిగింది. మంచమెక్కిన మనిషి మళ్లీ దిగలేదు.

అక్క పోయాక చెల్లెలు, ఆ కట్టడం మరమ్మతులు చూసే ఇంజనీరు గదికి వెళ్లింది.

"ఆ రాయి తీసేయించండి బాబూ."

"నా చేతిలో లేదమ్మా. అది రక్షిత కట్టడం."

"మరి మా అక్కని రక్షించలేదేం?"

ఇంజనీరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాడు. ఆవిడ కాళ్లరిగేలా తిరగ్గా తిరగ్గా, సంరక్షణ సంఘాన్ని ఒప్పించి ఒక దారి కనిపెట్టాడు. రాయిని పెకలించి బోర్లిస్తారు. కింది ముఖం చదునుగా ఉంటుంది, రాయీ పాతదే. ఏ వర్గానికీ పేచీ ఉండదు.

పలుగులు పడ్డ రోజు చెల్లెలు పని మానుకుని అక్కడే నిలబడింది. రాయి లేచింది, సున్నం పెళ్లలు రాలాయి. కింది ముఖం మీద ఇంకో గుంట, మొదటిదానికంటే లోతుగా.

"ఓరి దీని దుంపతెగ! దీన్ని మనకన్నా ముందే ఎవరో తిప్పేశారు!" అన్నాడు మేస్త్రీ.

చెల్లెలు వంగి ఆ గుంటలో చెయ్యి పెట్టి చూసింది. అంటే అప్పుడెప్పుడో కూడా ఎవరో జారి ఉంటారు. వాళ్లకోసం ఎవరో ఏడ్చి, కాళ్లావేళ్లా పడి, రాయి తిప్పించి, హమ్మయ్య అనుకుని ఉంటారు.

"ఇక పారెయ్యండి," అంది.

ఎవరు వింటారు? సంఘం పెద్దలప్పటికే కెమెరాలతో రాయి మీదికి వంగారు. ఒక అరుగుదల ఉంటే చరిత్ర, రెండుంటే నిధి. రాయిని మునుపటిలాగే పెట్టి, చుట్టూ తాడు కట్టి, రాకపోకలకు పక్కన చెక్క మెట్లు వేశారు. 'తరతరాల పాఠకుల అడుగుజాడలు' అని రాసిన ఫలకం తగిలించారు. బకెట్లు మోసినవాళ్ల ఊసు లేదు. ఆవిష్కరణ సభలో ఒకాయన, రాళ్లు మాట్లాడతాయన్నాడు. మాట్లాడవు. మాట్లాడేవే అయితే ఆ రోజు ఒక్క రాయైనా అక్కతో "చూసుకో" అనేది.

ఇప్పుడా మెట్టు మీద ఎవరూ కాలు పెట్టరు. చెల్లెలు అడిగింది ఒకరకంగా దక్కినట్టే, చేతులు కాలాక ఆకులు దక్కినట్టు.

అయినా వాన వెలిస్తే చాలు, ఆవిడ తాడు కింద నుంచి దూరి గుంటలోని నీళ్లు గుడ్డతో అద్ది తీస్తుంది.

"నీకేమైనా పిచ్చా పిన్నీ?" అన్నాడు గేటు కాపలావాడు. "ఆ తడి మీద జారడానికి ఎవరున్నారని?"

"ఎవరూ లేరు," అంది. గుడ్డ పిండి, మళ్లీ వంగి తుడిచింది.