మూడో గీత

నా చిన్నప్పుడు మేం అమెరికాలో, ఎడిసన్‌లో ఉండేవాళ్లం. మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, మా ఇంట్లోనే బేస్‌మెంట్‌లో ఉండేవాడు. ఆయనకో పిచ్చి. పోలీసులు వాడేసి పక్కన పెట్టిన పాత రివాల్వర్లు కొనేవాడు. పేలకుండా లోపలి ముక్క తీసేసి, అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. అసలు పని ఆ తర్వాతే మొదలయ్యేది. దాని మీది నంబరు పట్టుకుని, తయారుచేసిన కంపెనీకీ ఊళ్ల పోలీసు ఆఫీసులకూ ఉత్తరాలు రాసి, అది ఎవరి నడుముకు వేలాడిందో కనుక్కునేవాడు. పెళ్లి సంబంధానికి కూడా ఎవరూ అంత వాకబు చెయ్యరని అమ్మ ఎగతాళి చేసేది.

ఆ దసరాకు నాకు తొమ్మిదేళ్లు. ఆయుధ పూజకని అమ్మ కుట్టు మిషను, కత్తెరలు, కారు తాళాలు ఒకచోట చేర్చింది. అసలు ఆయుధమే లేకుండా ఆయుధ పూజేమిటని మావయ్య ఒక రివాల్వర్ తెచ్చి పళ్లెంలో పెట్టి, స్నానానికి వెళ్లాడు. నేను ఇత్తడి కుందులు తోముతున్నాను. నల్లగా, జిడ్డోడుతున్న ఆ తుపాకీని దేవుడి ముందు పెట్టడం నాకేం నచ్చలేదు. చింతపండు, స్టీలు పీచు పెట్టి దాన్నీ తోమేశాను. నల్లటి పూతంతా పోయి తెల్లగా మెరిసింది. మెచ్చుకుంటారని ఎదురుచూశాను కూడా.

మావయ్య చూసి, గోడకు ఆనుకుని కూలబడిపోయాడు. అది జెర్సీ సిటీలో డ్యూటీలో ఉండగా చనిపోయిన ఒక పోలీసుది. మావయ్య ఉత్తరం అందుకుని, ఆ పోలీసు భార్య ఆ ఆదివారమే చూడటానికి వస్తోంది.

ఆమె నా ఈడు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. తుపాకీని తిప్పి పిడి అడుగున చూసి, ఏవీ కనబడక, ఇక్కడ గీతలుండాలే అంది. బిడ్డ పుట్టబోతోందని తెలియగానే ఆమె భర్త చాకు మొనతో అక్కడో గీత గీసేవాడట. ఇద్దరికి రెండు. చనిపోయిన రోజు పొద్దున ఆమె, మూడో బిడ్డ రాబోతోందని చీటీ రాసి ఆయన లంచ్ డబ్బాలో పెట్టింది. డబ్బా ఖాళీగా తిరిగొచ్చింది. చదివాడో లేదో తెలియలేదు. చదివి ఉంటే మూడో గీత ఉంటుంది. ఆ మూడో బిడ్డే నా ఎదురుగా నిలబడ్డ అమ్మాయి.

మావయ్య ఆ గీతలను చూశాడు గానీ, వాడకంలో పడ్డ గాట్లనుకుని రాసుకోలేదు. మా ఇంట్లోనే తోమేశామని తలొంచుకుని ఒప్పుకున్నాడు. నా పేరు ఎత్తలేదు. తోమింది నేనేనని నేనే చెప్పాను. ఆమె నా ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఎన్ని గీతలు చూశావని అడిగింది.

"చూసిందే చెప్పమ్మా," అన్నాడు మావయ్య తెలుగులో. "గుర్తు లేకపోతే తెలియదను. తప్పు లేదు."

గీతలు చూసిన మాట నిజం. లెక్కపెట్టలేదు. ఆ అమ్మాయి నా నోటివంకే చూస్తోంది.

"త్రీ," అన్నాను.

తల్లి కూతుర్ని కావిలించుకుని వెక్కివెక్కి ఏడ్చింది. మావయ్య నావంక ఒక్కసారి చూశాడు. వాళ్లు వెళ్లాక, తుపాకుల వివరాలు రాసుకునే నోట్‌బుక్ తీసి, నంబరు పక్కన ఆ పోలీసు పేరు, ఊరు రాశాడు. దాని కింద, పిడి అడుగున గీతలు ఎన్నో తెలియదు అని రాసి, పుస్తకం నావైపు తిప్పాడు. నేను చదివేదాకా ఆగి మూసేశాడు. వాళ్ల సంతోషం చెడగొట్టలేదు, నా అబద్ధాన్ని తన పుస్తకంలోకి రానివ్వలేదు. ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

మావయ్య పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే చింతపండు గుజ్జు కింద గీతలు కనబడతాయి. ఒకసారి రెండు, ఒకసారి మూడు. ఎంత భయమేస్తుందో చెప్పలేను. ఆ అమ్మాయికీ ఇప్పుడు నా వయసే. తను వస్తున్నట్టు నాన్నకు తెలుసని నమ్ముకుని ఇన్నేళ్లూ బతికి ఉంటుంది. ఎవరేమడిగినా, తెలియకపోతే తెలియదని ఠక్కున చెప్పేస్తానని మా పిల్లలు నవ్వుతారు. తెలియదన్న ఆ మాట ఆ అమ్మాయికి తప్ప అందరికీ చెబుతున్నాను.