చదవకుండా తిప్పిన పేజీ

నేను మన్ననూరు చేరేసరికి పేర్లు చదవడం సగం అయిపోయింది. పేర్ల పుస్తకం మాత్రం నా సంచిలోనే ఉంది.

తార్నాక నుంచి శ్రీశైలానికి నడక మొదలుపెట్టి అప్పటికి ఆరు రోజులు. ఇరవై రెండు మందిలో అందరికన్నా వెనక నడిచేదాన్ని నేనే. రెండు మడమలకూ బొబ్బలు లేచి చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నాను. అడవి మొదట్లోని చెక్‌పోస్టు దగ్గరికి వచ్చాక చింతచెట్ల కింద మా జెండా కనిపించింది. దానితోపాటు ఒక గొంతు వినిపించింది. పేరు, గోత్రం. పేరు, గోత్రం. పది పేర్లకోసారి అందరూ "హర హర మహాదేవ" అంటున్నారు.

ఆ గొంతు మా తోడికోడలిది. ఆమెకు అక్షరం ముక్క రాదు.

మా బృందంలో ఒక పద్ధతి ఉంది. నడవలేనివాళ్ళు, సెలవు దొరకనివాళ్ళు తమ పేర్లు మాకిస్తారు. ఉదయం బయల్దేరేముందు, సాయంత్రం అన్నం ముట్టేముందు ఆ పేర్లన్నీ పైకి చదవాలి. చివరి రోజు కృష్ణలో స్నానం చేసి, తడిబట్టలతో ఇంకోసారి చదవాలి. చివరిసారి చదివినవాళ్ళు జెండా పట్టుకుని అందరికన్నా ముందు కొండెక్కుతారు. మెట్టుగూడలో ఉండే మా గురుస్వామి, రైల్వేలో పనిచేసి రిటైరైనాయన, ఈ పద్ధతి ఏనాడూ తప్పనివ్వలేదు.

ఆ ఏడాది పేర్లు రాసింది నేను. యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్ మెస్‌లో నేనూ మా తోడికోడలూ చపాతీలు చేస్తాం. నాకు నలభై ఆరేళ్ళు దాటాక ఆ హాస్టల్ పిల్లలే రాత్రి భోజనాలయ్యాక వరండాలో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు. రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు మెస్ గోడ మీది నల్లబల్ల మీద రేపటి కూరేమిటో రాసేది నేనే. మెస్‌లో అందరూ నన్ను టీచరమ్మ అంటారు. సగం వేళాకోళానికే అంటారు, అయినా నాకు ఇష్టమే.

పోటీపరీక్షలకు చదివే పిల్లలు, సీతాఫల్‌మండి నుంచి వచ్చే కూరగాయలామె, క్యాంపస్ గేటు దగ్గర వాచ్‌మన్, తార్నాక ఫ్లాట్లలోని వాళ్ళు, అందరి పేర్లూ ఒక నోట్‌బుక్కులో కాగితానికి ఒకవైపే ఎక్కించాను, దాదాపు అన్నీ నా గుండ్రటి అక్షరాలతోనే. నూట పన్నెండు పేర్లు.

మేమిద్దరం ఒకే ఇంటికి కోడళ్ళుగా వచ్చాం. ఆమె నాకన్నా రెండేళ్ళు చిన్నది. ఆమె ముగ్గు వేస్తే దారినపోయేవాళ్ళు ఆగి చూసేవారు. ఆమె వేసిన పూరీ పొంగేది, నాది అప్పడంలా పడుండేది. ఈ నడకలో కూడా ఆమె కాలికి ఒక్క బొబ్బ లేదు. పొద్దున్నే భజన ఎత్తుకుని, చిన్నపిల్లలా చెంగుచెంగున ముందు నడిచేది. ఇవన్నీ నేను ఎన్నో ఏళ్ళుగా ఓర్చుకున్నాను. అక్షరం నాది కదా అని ఓర్చుకున్నాను.

ఇప్పుడు చింతచెట్టు కింద కళ్ళు మూసుకుని, నా పుస్తకంలోని పేర్లు నా వరసలోనే చెప్తోంది. నేను ఊపిరి తీసుకునే చోట ఊపిరి తీసుకుంటోంది. వాచ్‌మన్ గోత్రం దగ్గర నేను రోజూ కాస్త తడుముకుంటాను. అక్కడ ఆమె కూడా తడుముకుంది!

అయిపోగానే చప్పట్లు కొట్టారు.

"టేప్‌రికార్డర్ మింగినట్టున్నది ఈ అమ్మ" అన్నాడు మాతో నడిచే ఆటో డ్రైవరు. నన్ను చూసి, "ఇగ పుస్తకం మోసుడెందుకు టీచరమ్మా, సామాన్ల ట్రాలీల పడెయ్. కాళ్లకు జర అల్కగైతది" అన్నాడు. అందరూ నవ్వారు.

తోడికోడలు నవ్వలేదు. నా చెప్పులు అందుకుని, "ఆకలైతున్నదని అందరు ఆగమైతున్నరక్కా. నువ్వింక రాకపోతివి, అందుకే చెప్పిన" అంది.

"ఎప్పుడు నేర్చినవే ఇవన్నీ?"

"నేర్సుడేందక్కా? పొద్దున, మాపు నువ్వు సదువుతనే ఉన్నవు గద. చెవులున్నయి, పడ్డయి."

నాకు రెండేళ్ళు పట్టిన పని ఆమెకు చెవులుంటే చాలింది. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

మర్నాడు ఉదయం పుస్తకం తీస్తుంటే గురుస్వామి, "నువ్వు కాళ్ళకు గుడ్డ చుట్టుకోమ్మా, ఆమె చెప్తది" అన్నాడు. నేను గుడ్డ చుట్టుకోలేదు. పుస్తకం ఒళ్ళో తెరిచిపెట్టుకుని ఆమె చెప్పే పేర్ల వెంట వేలు పోనిచ్చాను. ఒక్క పేరైనా తప్పకపోతుందా అన్నదే నా ఆశ. మొదటి పేజీ సరిగ్గానే చెప్పింది. నాలుగో పేజీ కూడా. ఆరో పేజీ చివర హాస్టల్ వార్డెనమ్మ పేరు చెప్పి, ఆ తర్వాత కూరగాయలామె పేరు చెప్పింది. కూరగాయలామె పేరుండేది ఎనిమిదో పేజీలో. మధ్యలో ఒక పేజీ మొత్తం పోయింది. పదకొండు పేర్లు.

దొరికింది! ఒంట్లో నొప్పులన్నీ పోయినట్టనిపించింది. అప్పుడే చెప్పలేదు. చివరి రోజు అందరి ముందూ చెప్పాలని దాచుకున్నాను. అడవిలోకి నడుస్తూ దాన్ని పంచదార బిళ్ళలా చప్పరిస్తూ వెళ్ళాను. ఆకురాలిన టేకుచెట్లు, రోడ్డుకు అడ్డం పరుగెత్తే కోతులు, పులులున్నాయి జాగ్రత్త అనే బోర్డులు. ఆ బోర్డులు ఒక్కొక్కటీ ఆమెకు వినబడేలా పైకి చదివాను.

"పులిగూడ నీ సదువు ఇని పారిపోతది పో" అంది ఆమె ముందు నుంచి. నిజంగా సరదాకే అంది. నాకు మాత్రం మండింది.

వటవర్లపల్లి ఇంకా దూరం ఉండగా, ఎండలో ఒక కల్వర్టు మీద కూర్చున్నాను. ఆ పదకొండు పేర్లూ ఎవరివో చూద్దామని ఏడో పేజీ తీశాను. అది నా రాత కాదు. తార్నాకలో నేను ఆదివారాలు వంట చేసే ఫ్లాట్‌లోని అమ్మగారిది. కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. నేను ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాస్తుంటే, "ఇటివ్వమ్మా, నేను రాస్తాను" అని పెన్ను తీసుకుని, ఎక్కడా చెయ్యి ఎత్తకుండా గొలుసుకట్టుగా గీసేసింది. చివర్న పుస్తకం నా చేతిలో పెడుతూ, "మావారి పేరు మాత్రం కాస్త గట్టిగా చదవమ్మా, ఆయనకు డయాలసిస్ మొదలుపెట్టారు" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. మొదటి రోజు సాయంత్రం తుక్కుగూడలో, మొట్టమొదటిసారి పేర్లు చదువుతూ, ఈ పేజీ దగ్గరికి రాగానే ఆగిపోయాను. గొలుసుకట్టు రాత నాకు రాదు. అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియదు. ఎవరినైనా అడిగితే టీచరమ్మకు చదవడం రాదంటారు. రెండు కాగితాలు కలిపి తిప్పేశాను. రేపు నేర్చుకుని చదువుదామనుకున్నాను. మర్నాడూ తిప్పాను. మూడో రోజుకు వేలికి అలవాటైపోయింది. నేను ఒక పేజీ ఎగరగొడుతున్నానన్న సంగతే నాకు గుర్తులేకుండా పోయింది.

ఆమె నా తప్పును కూడా తప్పకుండా నేర్చుకుంది.

సిగ్గుపడి ఊరుకోవాల్సిన చోటు అది. నేను ఊరుకోలేదు. ఆ రోజంతా, మర్నాడంతా ఆ పేజీ ముఖానికి దగ్గరగా పెట్టుకుని నడిచాను. ఎలాగైనా చదవగలిగితే, చివరిసారి నేను లేచి నూట పన్నెండు పేర్లూ చదివి, ఆమె పదకొండు మరిచిందని చూపించవచ్చు. నా తప్పు ఎవరికీ తెలియదు. దోమలపెంట చేరేసరికి రెండు పేర్లు మాత్రం పోల్చుకోగలిగాను.

దోమలపెంటలో సాయంత్రం వంట దించాక గురుస్వామి అందరినీ కూర్చోబెట్టాడు. "రేపు కృష్ణ కాడ పేర్లు చెల్లెమ్మ చెప్తది. గొంతు మంచిగున్నది, పుస్తకం గూడ తడవది. జెండా ఆమెకే" అన్నాడు మా తోడికోడలిని చూపించి.

అంతే, నా నోరు ఆగలేదు.

"ఆమె పదకొండు పేర్లు మింగేస్తున్నది స్వామీ! రెండు రోజులసంది చూస్తున్న. ఇయ్యి పోతే ఆ ఇంటోళ్లకు ఎవరు జవాబు చెప్తరు?"

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె కోపం తెచ్చుకోలేదు. నుదురు ముడిచి లోపల వెతుక్కుంది.

"ఏ పేర్లక్కా? వార్డెనమ్మ తర్వాత కూరగాయలామె గద?"

"మధ్యల ఒక పేజీ ఉన్నది."

"నువ్వు సదివినయన్నీ నా దగ్గరున్నయక్కా. నువ్వు సదవనియి నేను యాడికెల్లి తెస్త?"

గురుస్వామి చెయ్యి చాచాడు. పుస్తకం ఇచ్చాను. కళ్ళద్దాలు పెట్టుకుని ఏడో పేజీ చూసి, నా వైపు చూశాడు.

"ఎన్ని పూటలమ్మా?"

"మొదటి పూట నుంచి. ఆ రాత నాకు రాదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆటో డ్రైవరు మాత్రం, "నన్నడిగితే నేను సదువకపోదునా" అన్నాడు మెల్లగా. అది నవ్వుకన్నా ఎక్కువ గుచ్చుకుంది.

గురుస్వామి వేళ్ళ మీద లెక్కపెట్టాడు. పద్నాలుగు పూటలు. మా పద్ధతి ప్రకారం తప్పిన పేర్లు ఎన్ని పూటలు తప్పితే అన్నిసార్లు చెప్పాలి, కృష్ణ నీళ్ళు ముట్టేలోపు. ఆయన ఆ పేజీని పైకి రెండుసార్లు చదివాడు. రెండోసారికే మా తోడికోడలి పెదవులు ఆయనతోపాటు కదిలాయి. చూసి నేను తల తిప్పుకున్నాను.

"రేపు మీరిద్దరు వెనక కలిసి నడువుండ్రి. ఆమె చెప్తది, నువ్వు పుస్తకంల చూసుకో" అన్నాడు.

చివరి రోజు అలా నడిచాం. మొదటిసారి ఆమె నా కోసం నెమ్మదిగా నడిచింది. ఆమె ఒక పేరు చెప్పి ఆగేది. నేను ఆ గీతల్లో ఆ పేరు మొదలెక్కడో, చివరెక్కడో వేలితో వెతికేదాన్ని. దొరికాక "ఊఁ" అనేదాన్ని. అప్పుడు రెండో పేరు. ఈగలపెంట దాటేసరికి ఆరుసార్లు అయ్యాయి. ఘాట్ మలుపుల్లో అమ్మగారి 'స' ఎలా వంకర తిరుగుతుందో, 'మ' కొమ్ము ఎలా ముందు అక్షరానికి తగులుకుంటుందో తెలిసింది. ఆమె ఒక్కసారైనా పొరబడుతుందేమోనని అప్పుడు కూడా చెవి నిక్కించుకునే ఉన్నాను. పొరబడలేదు. డ్యామ్ కనిపించేసరికి పద్నాలుగు పూర్తయ్యాయి.

కృష్ణలో మునిగి వచ్చాక ఆమె అందరి మధ్యా నిలబడి మొదలుపెట్టింది. వార్డెనమ్మ పేరు చెప్పి ఆగింది. నా వైపు చూసింది. నేను పుస్తకం తెరిచి ఆ పదకొండూ చదివాను, అమ్మగారి భర్త పేరు గట్టిగా. నా కళ్ళు కాగితం మీదే ఉన్నాయి. కానీ నేను చదువుతున్నానో, పొద్దుటినుంచి ఆమె నోట విన్నది అప్పజెప్తున్నానో నాకే తెలియలేదు. మిగతావి ఆమె పూర్తి చేసింది. జెండా పట్టుకుని ముందు ఆమే కొండెక్కింది.

తార్నాక తిరిగొచ్చిన ఆదివారం ప్రసాదం ఇవ్వడానికి ఇద్దరం ఆ ఫ్లాట్‌కు వెళ్ళాం. అమ్మగారు ప్రసాదం కళ్ళకద్దుకుని, "నా రాత మా పిల్లలకే అర్థం కాదు. చదవగలిగావా అమ్మా?" అని అడిగింది.

"చదివానమ్మా" అన్నాను.

తోడికోడలు నా పక్కనే, ఖాళీ సంచి మడత పెడుతూ నిలబడి ఉంది. ఆమె నోరు తెరిస్తే ఒక్క మాటతో అయిపోయేది. తెరవలేదు. లిఫ్టులో కిందికి దిగుతున్నంతసేపూ, సాయంత్రం మెస్‌లో ఎన్ని కిలోల పిండి కలపాలో మాట్లాడింది.

నేనైతే అలా ఊరుకోగలిగేదాన్ని కాదు. అది కూడా ఆమెకే వచ్చు.