కాటమయ్య కారు ఎడమకు గుంజిన ఏడాది

నార్కట్‌పల్లి చౌరస్తాలో కాటమయ్య అంబాసిడర్ ఎక్కనివాడు ఆ రోజుల్లో ఎవరైనా ఉన్నాడంటే వాడు వేరే ఊరివాడని అర్థం. నార్కట్‌పల్లికీ నల్లగొండకూ మధ్య సర్వీసు కొట్టే కారు అది. తెల్లగా పుట్టి, దుమ్ము తిని తిని బెల్లం రంగుకు వచ్చింది. ఇందులో ఎంతమంది పడతారని అడిగితే "ఎంతమంది ఉంటే అంతమంది" అనేవాడు కాటమయ్య. ముందు సీటువాళ్ళు నల్లగొండ గడియారం దగ్గర దిగుతుంటే డిక్కీలోవాళ్ళు ఇంకా ఊరి బయటి పానగల్లు దాటేవారు కాదని జనం చెప్పుకునేవారు. ఒకసారి నిండు చూలాలు ఎక్కింది. దవాఖాన ముందు కారు ఆగేసరికి ఎక్కినవాళ్ళ కంటే దిగినవాళ్ళు ఎక్కువయ్యారు. ఆ పసిగుడ్డుకు కాటమయ్య అర టికెట్టు అడిగాడని మాత్రం నేను కల్పించాను. మిగతాదంతా నిజమే.

కాటమయ్య తండ్రి భీమయ్యకు పక్క పల్లెలో వాన మీద పండే చెలక ఉండేది. వానలు మొండికేసిన ఒక ఏడు, కొడుకు నాగలి వదిలి లారీ మీద క్లీనరుగా వెళ్ళాడు. కొన్నేళ్ళకు డ్రైవరై, చెవుల మీదికి జుట్టు పెంచుకుని తిరిగొచ్చాడు. ఆ తరువాత ఎవరో దొర ఇంట్లో మూలపడ్డ ఈ కారును కొని, నర్సింగమ్మను పెళ్ళి చేసుకున్నాడు. ముందు కారు, తరువాత పెళ్ళాం. ఆ వరస నర్సింగమ్మ ఏనాడూ మరిచిపోలేదు.

నేను నల్లగొండలో గుమాస్తాగిరీ వెలగబెట్టిన కాలమంతా ఆ కారులోనే తిరిగాను. అంబాసిడర్ ముందు సీటు బల్ల లాగా ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే ఉంటుంది. డ్రైవరుకు ఎడమపక్క ముగ్గురు, కుడిపక్క, అంటే డ్రైవరుకూ తలుపుకూ నడుమ, ఒకరు. ఆ సందు నాకు రాసిపెట్టి ఉండేది. "సారూ, మీరు సన్నగుంటరు, గిటు రాండ్రి" అని కాటమయ్య పిలిచేవాడు. ఆయన మోచేయి నా పొట్ట మీద, నా మోచేయి కిటికీ బయట. చలికాలం పొద్దున ఆయన బీడీ పొగ, వెనక ఎవరి గంపలోనిదో కొత్తిమీర వాసన, పక్కన బత్తాయి తోటల మీద మంచు. ఇప్పుడు ఏసీ కారులో మనవడు తీసుకుపోతుంటే ఒళ్ళు నొప్పి లేకుండా నల్లగొండ వచ్చేస్తుంది. అది ప్రయాణం చేసినట్టే ఉండదు నాకు.

తెలంగాణ వచ్చిన ఏడాదే ఆ కార్ల తయారీ ఆగిపోయింది. కాటమయ్య సర్వీసు అంతకు ముందే ఆగింది. ఆటోలు వచ్చి చౌరస్తా అంతా పరుచుకున్నాయి. అయినా ఆయన కారును రోజూ కడిగేవాడు. అమావాస్యకు నర్సింగమ్మను చెరువుగట్టు గుడికి తీసుకుపోవడం, అప్పుడప్పుడు అంగడి, అంతే దానికి పని. నర్సింగమ్మ వెనక సీట్లో ఒక్కతే కూర్చునేది. ముందు సీట్లో జనం నిండిన రోజుల నుంచీ ఆమెకు అదే అలవాటు.

అప్పుడు మొదలైంది గుంజుడు. తిన్నగా పోతూ పోతూ కారు ఎడమకు జరిగేది. మొదట మట్టి బాట అంచు తాకింది. తరువాత ఒక కిలోమీటరు రాయిని ముద్దుపెట్టుకుంది. చివరికి ఒక అమావాస్యనాడు గట్టు నుంచి వస్తూ బత్తాయి తోట కంచెలోకి దూరింది. నర్సింగమ్మ నుదురు ముందు సీటుకు తగిలి బొప్పి కట్టింది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. కొంగుతో నుదురు అదుముకుంటూ చెప్పింది.

"మల్ల అమావాస్య నాటికి గిది సక్కగ నడువాలె. లేకుంటే పాత ఇనుప సామాన్ల సైదులును పిలుస్త."

"సైదులు దీన్ని ఏంజేస్తడే?"

"ముక్కలు జేస్తడు. నా తలకాయ ముక్కలయ్యేకంటే గదే నయం."

ఆమె ఆడిన మాట తప్పే మనిషి కాదని ఇద్దరం ఎరుగుదుం. కాటమయ్య ఆ సాయంత్రం నా అరుగు మీద కూర్చున్నాడు. నేను చెప్పిన ఏ కోతకూ నవ్వలేదు.

చౌరస్తాలో బెంజమిన్ అని మెకానిక్ ఉన్నాడు. కాటమయ్య కారులోనే బడికి వెళ్ళి, ఆ కారు చప్పుడు వింటూనే పెరిగినవాడు. బెంజమిన్ రెండు ముందు చక్రాలలో గాలి చూశాడు, సమానంగానే ఉంది. ఎడమ టైరు కుడికి, కుడి టైరు ఎడమకు మార్చాడు. టైరులో తప్పుంటే గుంజుడు కూడా పక్క మారుతుందన్నాడు. మారలేదు. బ్రేకు పట్టేస్తుందేమోనని కొంత దూరం నడిపించి, దిగి, రెండు చక్రాల మీద చెయ్యి పెట్టి చూశాడు. రెండూ ఒకే తీరు వెచ్చగా ఉన్నాయి. జాకీ ఎత్తి చక్రాన్ని పట్టుకుని ఊపాడు. వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా దారం కట్టి వంకర చూశాడు. స్టీరింగు నుంచి చక్రాలకు పోయే కడ్డీల కీళ్ళు అరిగాయని కొత్తవి వేశాడు. కారు కొత్త కీళ్ళతో మరింత ఉత్సాహంగా ఎడమకు పోయింది.

"రోడ్డే ఎడమకు వాలి ఉన్నదేమో అన్నా," అన్నాడు బెంజమిన్.

"రోడ్డును గూడ మారుస్తవా తమ్మీ?"

"ఓసారి స్టీరింగ్ నాకియ్యి. నేను నడిపి చూస్త."

కాటమయ్య తల అడ్డంగా ఊపాడు. ఇక్కడే ఆయన మొండితనం సంగతి చెప్పాలి. ఆ కారులో మేకను ఎక్కించేవాడు, కోళ్ళ గంప ఎక్కించేవాడు, అవసరమైతే ఒడిలో పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకునేవాడు. స్టీరింగు మాత్రం కన్న తండ్రి అడిగినా ఇవ్వలేదు. "చెయ్యి మారితే బండి చెడ్తది" అన్నది ఆయన నమ్మకం. కనుక ప్రతి పరీక్షలోనూ నడిపింది ఆయనే. బెంజమిన్ ఎడమపక్క కూర్చుని చక్రాన్ని చూడడం, నేను వెనక కూర్చుని సలహాలివ్వడం. నా సలహాలు ఎవరూ పాటించలేదు గనుక కారుకు అంతకుమించి నష్టం జరగలేదు.

అమావాస్య ముందు రోజు మధ్యాహ్నం ఆఖరి పరీక్ష. నర్సింగమ్మ తానే చూస్తానని వచ్చి వెనక సీట్లో కూర్చుంది. సైదులుతో ఆమె అప్పటికే మాట్లాడి ఉంచింది. ఆమె పక్కన జాకీ, పాత కీళ్ళు, బెంజమిన్ సామాన్ల పెట్టె. నాకు చోటు లేదు. బెంజమిన్ ముందు తలుపు తెరిచి, తల బయటపెట్టి, నడిచే చక్రాన్ని చూడాలన్నాడు. కాళ్ళు చాపుకోవడానికి ఎడమ సీటంతా అతనికే కావాలి.

"సారూ, గిటు రాండ్రి," అన్నాడు కాటమయ్య.

నేను వెళ్ళి తలుపుకూ ఆయనకూ నడుమ ఇరుక్కున్నాను. ఇప్పుడు నేను సన్నంగా లేను. ఆయన మోచేయి నా పొట్టలో దిగబడింది.

కారు కదిలింది. చౌరస్తా దాటి నల్లగొండ రోడ్డెక్కింది. ఎల్లారెడ్డిగూడెం దాకా గీత గీసినట్టు పోయింది. కాటమయ్య ఊపిరి బిగబట్టి నడుపుతున్నాడు. బెంజమిన్ తల లోపలికి తీసి, చేతులు తుడుచుకుంటూ నవ్వాడు.

"నేను జెప్పలే? కొత్త కీళ్ళు జర కుదురుకోవాలె."

అక్కడ మా చుట్టాల ఇంట్లో పని ఉండి నేను దిగాను. కారు వెనక్కు తిప్పుకుని నా ముందు నుంచే వెళ్ళింది. వెళ్ళి, నా కళ్ళ ముందే, ఎడమకు జరుగుతూ జరుగుతూ రోడ్డు దిగి ఆగిపోయింది. నేను పరుగెత్తాను. నా వయసుకు దాన్ని పరుగే అంటారు.

దగ్గరకు వెళ్ళేసరికి కాటమయ్య స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుని ఉన్నాడు. బెంజమిన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెనక సీట్లోంచి నర్సింగమ్మ ముందు అద్దం వైపు చూస్తోంది.

"ఏమయ్యా," అంది. "నీ తలకాయ అద్దం కింద ఎందుకున్నది?"

"ఏ అద్దం?"

"ముందల నడుమ ఏలాడే అద్దం. అది కారుకు నడుమ ఉంటది. నువ్వు దాని కిందనే కూసున్నవ్. నీ కుడిదిక్కు ఇంకో మనిషి పట్టే జాగున్నది. ఎవలకు పెట్టినవ్ ఆ జాగ?"

కాటమయ్య తన కుడివైపు చూసుకున్నాడు. నేను అప్పుడే లేచిన చోటు, సీటు మీద నొక్కుడు కూడా పోలేదు. సర్వీసు నడిచినన్నాళ్ళూ అక్కడ ఎవరో ఒకరు ఉన్నారు. సర్వీసు పోయినా, జనం పోయినా, ఆయన జరగలేదు. సీటు నడుమ కూర్చుని, కుడిచేతిని చాపి, ఎడమచేతి బరువంతా స్టీరింగు ఎడమ అంచున వేలాడదీసి నడుపుతున్నాడు. కుడి మోచేయి ఆనడానికి మనిషి ఉన్నంతకాలం బరువు ఆ మనిషి మీదికి పోయి ఆ గుంజుడు తెలియలేదు. చిన్నప్పుడు కాన్వెంటులో వంకరగా కూర్చుంటే సిస్టరు స్కేలుతో మమ్మల్ని సరిచేసేది. అంత చదువు చదివి, ఏళ్ళ తరబడి ఆయన పక్కనే కూర్చుని కూడా నాకు ఈ సంగతి తోచలేదు.

"అయితే జరుగు," అన్నాడు బెంజమిన్.

చుట్టాల పని వదిలి నేను జాకీని ఒళ్ళో పెట్టుకుని వెనక ఎక్కాను, బెంజమిన్ ముందు ఎక్కాడు. కాటమయ్య తలుపు దాకా జరిగాడు. కొంచెం దూరం పోయాక, తెలియకుండానే మళ్ళీ అద్దం కిందికి వచ్చేశాడు. కారు ఎడమకు పోయింది. మళ్ళీ జరిగాడు. మళ్ళీ వచ్చాడు.

"పడిపోయినట్టు అయితాంది," అన్నాడు కారు ఆపి, చిన్నగా. "ఈ మూలకు కూసుంటే బండి నాది గానట్టున్నది. సైదులును రమ్మనే."

ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం చూడలేక నేను తోటల వైపు తిరిగాను.

నర్సింగమ్మ వెనక తలుపు తీసుకుని దిగింది. బెంజమిన్‌ను "నువ్వు ఎనకకు పో బిడ్డా" అంది. పెళ్ళయిన నాటి నుంచి ఎక్కని ముందు సీటు ఎక్కి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఎడమపక్క నుంచి మొగుణ్ణి తుంటితో ఒక్క తోపు తోసింది. కాటమయ్య తలుపుకు అంటుకుపోయాడు. ఆమె అక్కడే, ఆయనకు ఆనుకుని, రోలులాగా స్థిరంగా కూర్చుంది.

"ఇగ పోనియ్యి."

"గింత దగ్గర కూసుంటే సార్ నవ్వడా?"

"నవ్వనియ్యి. సార్‌కు గంతకంటే పనేమున్నది."

నేను, బెంజమిన్ వెనక సీట్లో జాకీ పక్కన ఇరుక్కున్నాం. కారు పోయింది. కాటమయ్య ఇటు రావాలని చూసినప్పుడల్లా ఆమె భుజం అడ్డుపడింది. ఆయన ఎదురుగా, గుండెకు సూటిగా, మొదటిసారి స్టీరింగు ఉంది. వేగం పెంచాడు. బత్తాయి తోటలు రెండు పక్కలా సమానంగా వెనక్కు పోయాయి. నర్సింగమ్మ రొంటినున్న సెల్‌ఫోను తీసి, "సైదులూ, నువ్వు రాకు" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది.

చౌరస్తా దగ్గర ఒక ముసలామె కూరగాయల మూటతో నిలబడి, ఏ కాలంలో ఉన్నాననుకుందో, అంబాసిడర్‌ను చూసి చెయ్యి ఎత్తింది. కాటమయ్య కాలు బ్రేకు మీదికి పోయింది. భార్య వైపు చూశాడు.

"ఆపు," అంది నర్సింగమ్మ. "ఎక్కించుకో, పాపం. ఎనకనే."