కవరు విప్పని టైర్లు

నీటి సరఫరా శాఖలో స్టోర్ కీపర్‌గా పనిచేసే ఆయన్ని ఆఫీసులో అందరూ స్టోరాయన అంటారు. భార్య కూడా మనసులో అలాగే అనుకుంటుంది, పైకి మాత్రం ఏవండీ అంటుంది. స్టోరు ఉన్నది దాచడానికే గాని ఇవ్వడానికి కాదని ఆయన నమ్మకం. పైపు పగిలి వీధంతా మునిగిపోతున్నా సరే, కొత్త వాల్వు కోసం వచ్చినవాడిని ముందు పాతది తెమ్మంటాడు. పాతది నీళ్ళలో కొట్టుకుపోయిందంటే వెతికి తెమ్మంటాడు. వచ్చిన సరుకు వచ్చినట్టే అరల్లో తళతళలాడుతూ ఉంటుంది కాబట్టి తనిఖీకి వచ్చిన ప్రతి అధికారీ ఆయన్ని మెచ్చుకునే వెళ్ళాడు. ఆ మెప్పే ఆయన్ని చెడగొట్టింది.

ఇంట్లోనూ అదే వరస. టీవీ రిమోటుకు కవరు ఉంది. సోఫాకి ఒక గుడ్డ, ఆ గుడ్డ మాయకుండా పైన మరో గుడ్డ. ఏడు సీట్ల పెద్ద కారు కొన్నప్పుడు షోరూము వాళ్ళు సీట్లకు తొడిగి ఇచ్చిన ప్లాస్టిక్ కవర్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఎండాకాలంలో అవి వీపుకి అతుక్కుపోయి, దిగేటప్పుడు చర్మం కూడా ఊడివస్తుందేమో అనిపిస్తుంది. కోడలు విసుక్కున్నప్పుడల్లా అత్తగారు పాత సంగతి ఒకటి చెబుతుంది. చిన్నప్పుడు వాడికి కొత్త బూట్లు కొంటే పాడైపోతాయని పెట్టెలో దాచుకున్నాడట. తీసేసరికి కాలు పెరిగి బూట్లు పట్టలేదట. ఏడుస్తాడేమోనని ఆవిడ భయపడితే, బూట్లు మాత్రం ఎంత కొత్తగా ఉన్నాయో చూడమని ఇల్లంతా తిప్పి చూపించాడట.

అలాంటి మనిషి కారుకి టైర్లు మార్చాల్సిన రోజు వచ్చింది. నాలుగూ బోడిగుండ్లయిపోయాయి. ఆ కారు రోజూ నడిపేది భార్య. ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. పొద్దున్నే కూతుర్ని బడి దగ్గర దించి, అటునుంచి అటే పనికి వెళుతుంది. ఆయన మాత్రం ఆఫీసు బస్సులో వెళ్ళి, ఆదివారాలు తానే స్టీరింగు పట్టుకుని, మిగతా ఆరు రోజులూ ఆమె బండిని ఎలా పాడుచేసిందో చెబుతాడు. టైర్ల గురించి ఆమె నెత్తీ నోరూ కొట్టుకోగా కొట్టుకోగా చివరికి సరే, చూద్దాం అన్నాడు.

ఆ చూడటం ఎండాకాలమంతా సాగింది. టైర్లు అరిగాయని కాళ్ళు అరిగేలా తిరిగాడు. ఊళ్ళో టైర్ల కొట్లన్నీ ఒకే వీధిలో ఉన్నాయి. సాయంత్రమయ్యేసరికి ఆయన ఆ వీధిలో తేలేవాడు. పేరున్న కంపెనీవి ముట్టుకుంటే కాలేలా ఉన్నాయన్నాడు. పేరు లేనివి చవకే గాని ఏ దేశంలో పుట్టాయో వాటికే తెలియదన్నాడు. పాత టైరుకి కొత్త పొర అతికించి అమ్మే కొట్టులో ముక్కు మూసుకున్నాడు. ప్రతి టైరునీ గోటితో గీరాడు, వంగి వాసన చూశాడు, గాడిలో చిల్లర నాణెం దూర్చి ఎంత లోతు దిగిందో చూశాడు. టైరు పక్కన అచ్చువేసే తయారీ వారం, సంవత్సరం అంకెలు చదవడం నేర్చుకుని, ఆ విద్య మొదట కనిపెట్టింది తానే అన్నట్టు కొట్టువాళ్ళకే చెప్పాడు. వాళ్ళు ఆయన్ని దూరంనుంచి చూసి ఫోను చెవిన పెట్టుకోవడం నేర్చుకున్నారు.

ఒక్క కొట్టు యజమాని మాత్రం పారిపోలేదు. బట్టతల, నిదానం, నవ్వు ముఖం. మీకు కావలసింది అన్నింటికన్నా చవకైనది కాదు, అన్నింటికన్నా ఖరీదైనదీ కాదు, వానలో జారకుండా ఆగేది అని మధ్యరకం టైర్లు ముందు దొర్లించాడు. స్టోరాయన వాటితో ఒక వారం మంతనాలు జరిపి, మరో వారం బేరం చేసి, చివరికి కొన్నాడు. నిజం చెప్పాలంటే ఎంపిక మంచిదే. ఇంత మంచి టైర్లు అంత ధరకి ఆ వీధిలో ఇంకెవరూ కొనలేదు. ఆ విషయంలో ఆయనకి వంక పెట్టడానికి లేదు.

కొట్టులోనే బిగించి ఇస్తాం, ఉచితం అన్నాడు యజమాని. ఆయన వద్దన్నాడు. తన భర్త ఉచితమైనదాన్ని వద్దనడం, వెంట వచ్చిన భార్య పెళ్ళయిన తర్వాత మొదటిసారి చూసింది. గుండెలో రాయి పడింది. అనుకున్నంతా అయింది. టైర్లు నాలుగూ ఇంటికి వచ్చి, నల్లని ప్లాస్టిక్ కవర్లలో చుట్టి టేపు వేయించుకుని, హాల్లో కిటికీ పక్కన ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. పాతవి పూర్తిగా అయిపోనిద్దాం, వాటిలో ఇంకా ప్రాణం ఉంది అన్నాడాయన. ఆదివారం పొద్దున్న మెత్తటి గుడ్డతో కవర్లు తుడిచేవాడు. చుట్టాలు వస్తే కాఫీ కంటే ముందు టైర్లు చూపించేవాడు, అదీ కవరు విప్పకుండా.

వానలు మొదలయ్యాయి. మొదటి పెద్ద వానలోనే వంతెన దిగుతూ ఆమె బ్రేకు తొక్కింది. బండి ఆగలేదు. పక్కకి తిరిగి, తన ఇష్టం వచ్చినట్టు జారుకుంటూ వెళ్ళి, పాల వ్యాను వెనక చెయ్యి పట్టేంత దూరంలో నిలబడింది. పక్క సీట్లో కూతురు బడి సంచీని గుండెలకి హత్తుకుని కూర్చుంది. ఆ పిల్ల ముఖం ఆమెకి పగలంతా కళ్ళ ముందే ఉంది. ల్యాబులో ఒకరికి రెండుసార్లు సూది తప్పగుచ్చి, సెలవు పెట్టి వచ్చేసింది.

సాయంత్రం భర్తకి చెప్పింది. ఆయన శాంతంగా విని, ఎంత వేగంలో ఉన్నావని అడిగాడు. బ్రేకు ఎప్పుడు, ఎలా తొక్కాలో అన్నం తింటున్నంతసేపూ వివరించాడు. చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళి, పాత టైరుని ఆప్యాయంగా తట్టి, ఈ వానాకాలం గడిచిపోతుందిలే అన్నాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. హాల్లో ఉన్న నాలుగు రబ్బరు చక్రాలకి ఉన్న పూచీ, కడుపున పుట్టినదానికి లేదు ఈ ఇంట్లో అనుకుంది. అత్తగారు పోపుల డబ్బాలో దాచిన డబ్బు గుప్పెడు కోడలి చేతిలో పెట్టి, మర్నాడు వాడు బస్సెక్కగానే ఆ బట్టతల ఆయన్ని పిలవమంది.

బట్టతల ఆయన వచ్చాడు. కొత్తవి బండికి ఎక్కాయి. బోడివి నాలుగూ అవే కవర్లలో దూరి, అదే టేపు చుట్టుకుని, అదే కిటికీ పక్కన అదే వరసలో కూర్చున్నాయి. కొత్త టైరుకి వెంట్రుకల్లా రబ్బరు మొనలు ఉంటాయి కదా, వాటిని కూతురు గోళ్ళ కత్తెరతో కత్తిరించింది. పెరట్లో బురద కలిపి చక్రాలకి పూసిన ఘనత మోకాళ్ళ నొప్పుల నానమ్మది. ఆదివారం స్టోరాయన ఎప్పటిలాగే మెత్తటి గుడ్డ తీసుకుని బోడి టైర్లని తుడిచాడు. పైదాన్ని నొక్కి చూసి, రబ్బరు ఎంత బిగువుగా ఉందో అని మురిసిపోయాడు. ముగ్గురు ఆడవాళ్ళు వంటింట్లోకి వెళ్ళి నోటికి కొంగులు, చున్నీ అడ్డం పెట్టుకున్నారు. ఈ సంగతి ఎప్పటికీ చెప్పకూడదని ఆమె నిశ్చయించుకుంది. తుడుచుకుంటే తుడుచుకోనీ, పిల్ల క్షేమంగా ఉంటే చాలు.

కొన్నాళ్ళకి ఒక ఆదివారం నలుగురూ కలిసి బయల్దేరారు. స్టీరింగు ముందు ఆయన, పక్కన ఆమె, వెనక నానమ్మా మనవరాలూ. కుండపోత వాన. రోడ్డు పక్కన నడుస్తున్న ఒక పెద్దాయన గొడుగు గాలికి తిరగబడి ఎగిరిపోతే, దాని వెంట ఆయన ఏమీ చూసుకోకుండా రోడ్డు మధ్యకి వచ్చేశాడు. స్టోరాయన బలంకొద్దీ బ్రేకు తొక్కాడు. బండి ఉన్నచోటే పాతుకుపోయినట్టు ఆగింది. పెద్దాయన బానెట్టు మీద చెయ్యి ఆనించి నిలబడి ఆయాసపడుతున్నాడు.

బండి ఆగాక కూడా స్టోరాయన బ్రేకు మీంచి కాలు తియ్యకపోవడం ఆమె చూసింది. పోనీలే, ఇప్పటికైనా భయమంటే ఏమిటో తెలిసింది అనుకుంది, జాలి కూడా పడింది. ఆ జాలి ఆయన నోరు విప్పేదాకా నిలిచింది.

"చూశావా? పాత టైర్లు. నడపడం చేతనైతే అవే ఆగుతాయి," అన్నాడు. "కొత్తవి ఇక మనకి అక్కర్లేదు. అలాగే ఉంచుదాం, అమ్మాయి పెద్దయ్యి కారు కొనుక్కుంటే ఇద్దాం."

కూతురు ఎనిమిదో తరగతి చదువుతోంది. అద్దంలో తల్లికి ఆ పిల్ల కళ్ళు కనిపించాయి. దాంతో ఆమె నిశ్చయం కాస్తా ఎగిరిపోయింది.

"ఒకసారి దిగి చక్రం చూడండి," అంది.

"ఎందుకు?"

"చూడండి. హాల్లో మీరు తుడుస్తున్నవి పాతవి. కొత్తవి వంతెన దగ్గర బండి జారిన మర్నాటినుంచీ మనకిందే ఉన్నాయి."

ఆయన దిగాడు. వానలో ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, బురద గోటితో గీరి, గాడిలో వేలు పెట్టి చూశాడు. కారులో ముగ్గురూ ఎదురుచూశారు. పెద్దాయన గొడుగు అందుకుని అవతలి గట్టు ఎక్కి, విరిగిన ఊచలు సరిచేసుకుంటూ, వీళ్ళ వైపు చూసి చెయ్యి ఊపాడు. ఆ ఊపిన చేతిని స్టోరాయన చూడకపోలేదు. ఇప్పుడైనా ఒక మంచి మాట అంటాడని ఆమె ఆశపడింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకీ ఆశ చావని మనిషి ఆమె.

తడిసి ముద్దయి వచ్చి తలుపు తీశాడు.

"ముందే చెప్పుంటే అంత గట్టిగా బ్రేకు తొక్కేవాణ్ణి కాదు కదా," అన్నాడు. "ఎంత రబ్బరు పోయిందో."

కూతురు అటు తిరిగి గట్టు మీద పెద్దాయన్ని చూసింది. కూతురి చూపు వెంట ఆయన చూపూ వెళ్ళింది. అన్న మాట ఏమిటో అప్పుడు చెవిన పడినట్టుంది, గోటికి అంటిన బురద చొక్కాకి తుడుచుకున్నాడు.

భార్య కోప్పడలేదు. పక్క సీట్లోంచి స్టీరింగు ముందుకి జరిగి, "తాళం ఇటివ్వండి," అంది. ఆయన ఇచ్చాడు. అలవాటుకొద్దీ జాగ్రత్త అనబోయాడు, అనలేదు.

వెనక తలుపు తీసి, తడి బట్టలతో ఎక్కడానికి సందేహిస్తూ సీటు వైపు చూశాడు. వాళ్ళమ్మ పక్కకి జరిగింది. సీటు మీది ప్లాస్టిక్ కవరు అంచు పట్టుకుని ఒక్క లాగు లాగి, పర్రున చింపి, ఉండచుట్టి కాళ్ళ దగ్గర పడేసింది.

"ఇప్పుడు కూర్చోరా," అంది.

ఆయన కూర్చున్నాడు. తడి మెల్లగా కొత్త సీటులోకి ఇంకింది.