జర నా నోరు వాసన చూడు

ఆ రోజుల్లో మనిషి మాటకు విలువ ఉండేదని అందరూ రాస్తుంటారు. నా మాటకు మాత్రం ఆ రోజుల్లో కూడా లేదు. అందుకు సాక్ష్యం డయ్యూ. సూరత్‌లో బస్సెక్కి రాత్రంతా కూర్చుంటే తెల్లారేసరికి వచ్చే చిన్న ద్వీపం. గుజరాత్‌లో మందు నిషేధం, అక్కడ లేదు. కాబట్టి సూరత్ నుంచి మగపిల్లలు గుంపుగా డయ్యూకు పోతున్నారంటే, ఎందుకని ఎవరూ అడగరు. నేను సముద్రం చూడడానికి పోయాను. (చూశారా, మీరూ నవ్వుతున్నారు.) సూరత్ పక్కనే డుమస్ బీచ్ ఉంది కదా అంటారేమో. డుమస్‌లో సముద్రం కంటే టమాటా భజియాల బండ్లే ఎక్కువ కనబడతాయి.

అప్పుడు నేను సూరత్ దగ్గర జోల్వాలో మరమగ్గాల కార్ఖానాలో పనిచేసేవాణ్ణి. దీపావళికి మగ్గాలన్నీ ఆగిపోతాయి. రైలు టికెట్లు దొరికినవాళ్లు ఊళ్లకు పోతారు, దొరకనివాళ్లు డయ్యూకు పోతారు. ఆ యేడు నాకు దొరకలేదు. అయితే నేను వెళ్లకుండా ఉండాల్సిన కారణం ఒకటుంది. మా కార్ఖానా మేస్త్రి, మేమంతా మేస్త్రి మామ అని పిలిచే పెద్దమనిషి, తన కూతుర్ని నాకిద్దామని అనుకుంటున్నాడు. ఆయనది ఒకటే షరతు. "కట్నం వద్దు కానుక వద్దు, తాగేటోనికి మాత్రం నా బిడ్డనియ్య. సెలవులైనంక కూసోని మాట్లాడుదాం." ఆ పిల్ల అప్పటికే నాకు రెండుసార్లు చాయ్ ఇచ్చింది, ఒకసారి నవ్వింది కూడా. అయినా తాగనివాడు సముద్రం చూడకూడదా? ఈ ప్రశ్న అప్పుడూ అడిగాను, ఇప్పుడూ అడుగుతున్నాను. ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

జరిగినదానికంతటికీ మూలం ఒక క్యారమ్ బోర్డు. దాని సొంతదారు మా క్యారమ్ బావ. (నిజం బావ కాదు, వరసకు బావ.) పెళ్లికి పోయినా చావుకు పోయినా ఆ బోర్డు వెంట ఉండాల్సిందే. బస్సులో నా సీటు పైన నేను పద్ధతిగా పెట్టుకున్న సంచి తీసేసి, ఆ చోట బోర్డు పెట్టాడు. నా సంచిని తీసుకెళ్లి డ్రైవర్ పక్కన ఇంజను మూత మీద పడేశాడు. అందులో మా చిన్నమ్మ స్టీలు డబ్బాలో పెట్టిచ్చిన కోడికూర ఉంది. నేను వద్దన్నాను. "ఏ, గాడ బందోబస్తుగ ఉంటది తియ్ బామ్మర్దీ" అన్నాడు. అదే మాట, అక్షరం పొల్లుపోకుండా.

రాత్రంతా ఆ ఇంజను నా కోడికూరను మళ్లీ వండింది. పొద్దున డయ్యూలో అందరూ బండ్ల దగ్గర ఆమ్లెట్లు, వేపుడు చేపలు తింటుంటే, "బయటి తిండి తింటే కడుపు ఖరాబైతది" అని వాళ్లకు బుద్ధి చెప్పి, నా డబ్బా తెరిచి చపాతీలతో తిన్నాను. (వాసన వచ్చింది. చిన్నమ్మ కొత్త మసాలా వాడిందనుకున్నాను.)

బయటి తిండి తిన్నవాళ్లు సముద్రంలో దూకారు. ఇంటి తిండి తిన్నవాణ్ణి నేను పరుగు మొదలుపెట్టాను. ఒడ్డున ఇసుక కనబడనంత జనం. సగం సూరత్ అక్కడే ఉంది. ఉన్న ఒక్క పాయిఖానా ముందు కొండచిలువంత లైను. నేను కాళ్లు మెలేసుకుని ముందుకు పోబోతే, గళ్ల చొక్కా వేసుకున్న ఒకడు, "లైన్ మే ఆవో భాయ్, సబ్‌కో లగీ హై", అందరికీ అర్జంటే అని, భుజం పట్టి వెనక్కి తోశాడు. ఆ మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. వాంతులు కూడా మొదలయ్యాక, నీడ కోసం వెతికి, ఒక బారు వెనకాల పేర్చిన ఖాళీ సీసాల డబ్బాల పక్కన పడుకున్నాను. ఎండలో మనిషి నీడ చూసుకుంటాడు గానీ, పక్కన ఏమున్నదో చూస్తాడా?

క్యారమ్ బావ వచ్చి చూశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. "బావా, పాణం మంచిగలేదు. కోడికూర..."

"ఒక్కనివే ఏసినవారా? మాకు చెప్పకుంట?"

"నేను తాగలే బావా. జర నా నోరు వాసన చూడు."

"ఛీ, పొద్దుగాల పొద్దుగాల నీ నోరు నేనెందుకు చూడాలెరా" అని ఫోను తీసి, నన్నూ ఆ డబ్బాలనూ కలిపి ఫోటో కొట్టి, జోల్వాలో ఉన్న మనవాళ్లందరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద ఒక్క మాట: 'అల్లుడు ఖుషీ'.

తర్వాత మావాళ్లు ఇద్దరు నన్ను మోసుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. ఆయన నాడి కూడా చూడకుండా "కితనీ పీ?" అన్నాడు. ఏక్ బూంద్ భీ నహీ, ఒక్క చుక్క కూడా తాగలేదన్నాను. "యహా సబ్ యహీ బోల్తే హై" అన్నాడు, ఇక్కడికొచ్చేవాళ్లంతా అదే అంటారని. వాసన చూడమని బల్ల మీదికి వంగితే కుర్చీని వెనక్కి జరుపుకున్నాడు, ఎడమకాలితో.

మందు గోలీ ఇంకా గొంతు దిగకముందే వీడియో కాల్. మేస్త్రి మామ.

"ఏందిరా గిది?"

"మామా, నేను తాగలే. కడుపు ఖరాబైంది." నాలుక పిడచగట్టుకుపోయి మాట ముద్దముద్దగా వచ్చింది.

"మరి నాలుకెందుకు తిరుగుతలేదు?"

"నీళ్లు లేక మామా."

"సముద్రంల కూసొని నీళ్లు లెవ్వంటవా?"

ఇక నాకు దారి తోచలేదు. నోరు బార్లా తెరిచి ఫోనుకు దగ్గరగా పెట్టాను. "కావాలంటే వాసన చూడు మామా!"

"ఫోన్ల వాసన రాదురా" అని పెట్టేశాడు.

మరునాడు తిరుగు బస్సులో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. జోల్వాలో దిగి, మొహమైనా కడుక్కోకుండా నేరుగా మేస్త్రి మామ ఇంటికి పోయాను. ఆయన గడపలో కూర్చుని ఉన్నాడు. లోపల పరదా కదిలింది. కూర్చోమనలేదు. "చెప్పు" అన్నాడు, అంతే.

చెప్పాను. బస్సులో ఎవరు ఏ సీట్లో కూర్చున్నదీ, సంచి ఎక్కడ పెట్టిందీ, క్యారమ్ బావ దాన్ని ఏ చేత్తో తీసిందీ, ఏమన్నదీ, గళ్ల చొక్కావాడు ఏ భుజం తోసిందీ, డాక్టరు ఏ కాలితో కుర్చీ జరిపిందీ, అన్నీ. చాయ్ వచ్చింది, చల్లారింది, నేను ఆపలేదు. చివరికి ఆయనే చెయ్యెత్తాడు. "ఇగ సాలు."

"ఇంకా ఉంది మామా. ఆ డ్రైవర్ గూడ నన్ను చూసి నవ్విండు..."

మేస్త్రి మామ మీసాల్లో నవ్వుకుంటూ లోపలికి తిరిగాడు. "బిడ్డా, తాగినోనికి గింత యాదుండదు. వీడు తాగలే."

పరదా వెనకనుంచి ఆ పిల్ల గొంతు. "తాగకుండనే ఇట్ల మాట్లాడతడా పప్పా? బాప్‌రే, ఇది అంతకంటే డేంజర్ కదా!"

అయినా ఒప్పుకుంది. ఇప్పుడు ఆ డేంజర్‌తోనే కాపురం చేస్తోంది. "నా పుట్టినరోజు తప్ప సబ్ కుఛ్ యాదుంటది నీకు" అంటుంది. (అది నిజం కాదు. ఒక్క ఏడు మరిచిపోయాను, దాన్ని ఆమె మరిచిపోవడం లేదు.)

క్యారమ్ బావ ప్రతి దీపావళికీ ఆ ఫోటో మళ్లీ గ్రూపులో పెడతాడు. అందరూ నవ్వుతారు. నేను కోపంగా తెరుస్తాను గానీ, తెరిచాక ఎందుకో తొందరగా మూయలేను. సీసాల డబ్బాల పక్కన బక్కపల్చటి కుర్రాడు, మూతి మీద ఇసుక, ఒక్కరైనా నమ్మకపోతారా అని పైకి చూస్తున్న కళ్లు. చూడ్డానికి వచ్చిన సముద్రం వాడి వెనకాలే ఉంది, వాడు అటు తిరగనే లేదు. పక్కన కూర్చుని, వంగి వాడి నోరు వాసన చూసి, "లేదు తమ్మీ, నువ్వు తాగలేదు, జర అటు తిరిగి సముద్రం చూడు" అని చెప్పాలనిపిస్తుంది.

కానీ వాడు సముద్రం చూడడు. నాకు తెలుసు. ముందు ఆ క్యారమ్ బోర్డు సంగతి చెప్పడం మొదలుపెడతాడు.